8.5 కంప్రెషన్ బండికి 100 ఆక్టేన్ ఎందుకు కావాల్సి వచ్చింది: ఒక నాకింగ్ కేసు

బండి 2014 మోడల్ 350 సీసీ. సింగిల్ సిలిండర్, ఎయిర్ కూల్డ్, కార్బురేటర్. బోర్ 70 మి.మీ., స్ట్రోక్ 90 మి.మీ., కంప్రెషన్ 8.5:1, అంటే పిస్టన్ పైకి వచ్చేసరికి గ్యాస్ 8.5 రెట్లు కుదించుకుపోతుంది. ఇగ్నిషన్ ఎలక్ట్రానిక్, కాబట్టి స్పార్క్ పడే టైమింగ్ ముందుకో వెనక్కో జరపడానికి మన చేతిలో ఏమీ లేదు. ఇప్పుడున్న ఓనర్ దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం. వారమంతా ఆఫీసుకి, సెలవు దొరికితే శ్రీశైలమో నాగార్జునసాగరో.

అతను నా షెడ్డుకి రిపేరు కోసం రాలేదు, సలహా కోసం వచ్చాడు. “అన్నా, ఈ బండికి రోజూ 100 ఆక్టేన్ పోయొచ్చా? ఇంజన్‌కి ఏమన్నా అవుతుందా?” అని అడిగాడు. ఆ ప్రశ్న వెనక కథ ఇది.

మే నెలలో భార్యతో కలిసి శ్రీశైలం వెళ్లాడు. వెనక బ్యాగులు కూడా ఉన్నాయి. తిరుగు ప్రయాణంలో సుండిపెంట నుంచి డ్యామ్ దాకా దిగి, వంతెన దాటి ఈగలపెంట వైపు ఎక్కుతుంటే సిలిండర్ దగ్గర గాజు సీసాలో గోళీలు వేసి ఊపినట్టు చప్పుడు మొదలైంది. యాక్సిలరేటర్ వదిలితే ఆగుతుంది, మళ్లీ తిప్పితే మళ్లీ వస్తుంది. దోమలపెంట చేరేసరికి టెన్షన్ పట్టుకుంది. తెలిసిన రైడర్లని అడిగితే ఇదంతా ఇథనాల్ పెట్రోలు వల్లే, 95 ఆక్టేన్ కొట్టించు అన్నారు. 95 కొట్టిస్తే కొంచెం తగ్గింది. ఎవరో ఆక్టేన్ బూస్టర్ సీసా చేతికిచ్చారు, అదీ పోశాడు. చివరికి 100 ఆక్టేన్ దొరికే బంకు వెతుక్కుని ఫుల్ ట్యాంక్ చేయించాడు. చప్పుడు దాదాపు పోయింది. ధర మాత్రం మామూలు పెట్రోలుకి ఇంచుమించు ఒకటిన్నర రెట్లు.

అంటే అతని లెక్కలో జబ్బు పెట్రోలుది, మందు దొరికేసింది, ఇక డోసు ఎంతో తెలిస్తే చాలు. నేను మాత్రం 100తో తగ్గిందన్న మాట దగ్గరే ఆగిపోయాను. 8.5 కంప్రెషన్ ఉన్న ఇంజన్‌కి 91 పుష్కలంగా సరిపోవాలి. అలాంటిది దీనికి 100 పోస్తే గానీ నోరు మూసుకోవట్లేదంటే, లోపల ఏదో మారి దాని ఆకలి పెరిగింది. ఏ పెట్రోలు పోయాలన్నది నాకు తర్వాతి ప్రశ్న. మాన్యువల్ చెప్పిన పెట్రోలు ఎందుకు చాలట్లేదన్నది ముందు తేలాలి.

నంబరు చెప్పేది, చెప్పనిది

ప్లగ్ దగ్గర మంట అంటుకుని ఛాంబర్ అంతా పాకుతుంది. అది పాకే లోపు, దూరంగా అంచుల్లో ఇంకా కాలని గ్యాస్ ఒత్తిడికీ వేడికీ నలిగిపోతూ ఉంటుంది. మంట తన దాకా రాకముందే అది దానంతట అదే భగ్గుమంటే నాకింగ్. దీనికి పెట్రోలు ఎంతవరకు తట్టుకోగలదో ఆక్టేన్ నంబరు చెబుతుంది. కంప్రెషన్ పెంచుతూ తగ్గిస్తూ కొలవగలిగే ప్రత్యేకమైన ఇంజన్‌లో ఈ పరీక్ష చేస్తారు. ఐసో ఆక్టేన్‌కి 100, నార్మల్ హెప్టేన్‌కి 0 అని పెట్టుకున్నారు. 91 అంటే ఆ రెండింటిని 91కి 9 పాళ్లలో కలిపితే ఎంత తట్టుకుంటుందో అంత.

ఆ నంబరులో పికప్ లేదు, మైలేజీ లేదు, శుభ్రత లేదు. బ్రాండెడ్ పెట్రోళ్లలో ఇంజన్ శుభ్రం చేసే మందులు కలుపుతారు, నిజమే. అది వేరే సంగతి, ఆక్టేన్‌తో ముడిపెట్టక్కర్లేదు. నాక్ అవుతోందని పసిగట్టి టైమింగ్ సర్దుకునే సెన్సర్ ఉన్న ఇంజన్ అయితే ఎక్కువ ఆక్టేన్‌ని కొంత వాడుకోగలదు. మన రోడ్ల మీద తిరిగే చిన్న బండ్లలో చాలా వాటికి ఆ సెన్సర్ ఉండదు. 91కి తయారైన బండిలో 100 పోస్తే నష్టమేమీ లేదు, జేబుకి తప్ప.

ఇక్కడే అతను ఇంకో మాట అన్నాడు. “మా బావ డాలస్‌లో ఉంటాడన్నా. అక్కడ 91 అంటే ప్రీమియం అంట, రెగ్యులర్ 87 అంట. మనకి రెగ్యులరే 91 కదా, మరి ఇదెందుకు చాలట్లేదు?” ఇలా అడిగేవాళ్లు తరచూ వస్తుంటారు, అమెరికా వీడియోలు చూసి వచ్చేవాళ్లు మరీనూ. అక్కడి బంకు మీద రాసేది రెండు పరీక్షల సగటు. ఇక్కడ రాసేది రెండింట్లో ఎక్కువ వచ్చే నంబరు, రీసెర్చ్ ఆక్టేన్ నంబరు, అంటే ఆర్‌ఓఎన్. వాళ్ల 87, మన 91 దాదాపు ఒకటే. వాళ్ల 91 అంటే మన లెక్కలో 95 చుట్టుపక్కల. మాన్యువల్లో ఆర్‌ఓఎన్ అని ఉందా, ఇంకేదైనా ఉందా చూడకుండా నంబరు ఒక్కటే పట్టుకుంటే లెక్క తప్పుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. బీఎస్2 కాలుష్య నిబంధనల రోజుల్లో మన మామూలు పెట్రోలు 88, బీఎస్6కి 91, 20 శాతం ఇథనాల్ కలిశాక 95 అయిందని 2025 ఆగస్టులో పెట్రోలియం మంత్రిత్వ శాఖ చెప్పింది. ఇథనాల్ ఆక్టేన్ 108 ప్రాంతంలో ఉంటుంది కాబట్టి పెరగడం సహజమే. అంటే ఇతని బండిలో మామూలు పెట్రోలు పోసినా ఆక్టేన్ పాత రోజులకంటే ఎక్కువే అందుతోంది. అయినా నాక్ అవుతోందంటే తప్పు పెట్రోలు నంబరులో లేనట్టే. బంకులో ఏదో కలిపారేమో అన్న అనుమానం అతనికి మిగిలింది. ఫిల్టర్ పేపర్ మీద చుక్క వేసి చూపించాను, మరక లేకుండా ఆరిపోయింది. పైగా వేర్వేరు బంకుల పెట్రోలుతోనూ ఇదే చప్పుడు.

100 ఆక్టేన్‌ని పరీక్షకి వాడటం

నేను 100 ఆక్టేన్‌కి వ్యతిరేకిని కాను. షెడ్డులో ఒక డబ్బాలో ఎప్పుడూ కొంచెం ఉంచుకుంటాను, కాకపోతే పరీక్ష కోసం. చప్పుడు నాకింగేనా, వాల్వుల్ని కదిపే టాపెట్టా, పిస్టన్ ఆడుతోందా, టైమింగ్ గేర్లా అని చెవితోనే తేల్చడం అన్నిసార్లూ కుదరదు. టాపెట్ చప్పుడు లోడు ఉన్నా లేకపోయినా ఇంజన్ స్పీడుని బట్టి నడుస్తుంది. పిస్టన్ చప్పుడు చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడెక్కితే తగ్గుతుంది. నాకింగ్ దీనికి తిరగబడి ఉంటుంది: వేడెక్కాకే, లోడు మీదే, స్పీడు తక్కువ, థ్రాటిల్ ఎక్కువ ఉన్నప్పుడే వస్తుంది. పెట్రోలు మారిస్తే మారే చప్పుడు ఇదొక్కటే.

కార్బురేటర్ బండికి ఈ పరీక్ష సుళువు. ట్యాంకు పైపు తీసేసి, హ్యాండిల్ దగ్గర గట్టిగా కట్టిన చిన్న టెస్ట్ ట్యాంకు నుంచి పెట్రోలు ఇస్తాం. పెట్రోలు మార్చేటప్పుడు ఇంజన్ చల్లారనిచ్చి, కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ బౌల్ కింది స్క్రూ విప్పి పాతదంతా దించెయ్యాలి. లేకపోతే బౌల్లో మిగిలినదే కొంతసేపు కాలుతుంది, మనం కొత్తదాని గురించి తప్పు తీర్పు ఇచ్చేస్తాం. వికారాబాద్ దగ్గర అనంతగిరి ఘాట్ మాకు టెస్ట్ రోడ్డు. హైదరాబాద్ నుంచి అక్కడికి చేరేసరికి ఇంజన్ బాగా వేడెక్కి ఉంటుంది. వెనకాల మా కుర్రాడు కూర్చున్నాడు.

మామూలు పెట్రోలుతో ఐదో గేర్‌లో 50 దగ్గర ఫుల్ థ్రాటిల్ ఇస్తే వెంటనే కొట్టింది. నాలుగో గేర్‌లోనూ వినిపించింది. అదే మలుపు, అదే గేరు, 100 ఆక్టేన్: నాలుగులో లేదు, ఐదులో 45 కిందికి దిగితే మాత్రం లీలగా ఉంది. కాబట్టి ఇది నిఖార్సయిన నాకింగ్. 100 పోసినా పూర్తిగా ఆగలేదు. ఎండలో, సామానుతో, ఇద్దరితో శ్రీశైలం ఎక్కితే 100 కూడా చేతులెత్తేసే రోజు ఎంతో దూరంలో లేదు. దీని తర్వాత ఓనర్‌కి పెద్దగా నచ్చజెప్పాల్సిన పని పడలేదు, సిలిండర్ మీది మూత (హెడ్) దించడానికి ఒప్పుకున్నాడు. కానీ హెడ్ దించేముందు చూడాల్సినవి పైన చాలా ఉన్నాయి.

ప్లగ్ అబద్ధం చెప్పింది

ప్లగ్ తీస్తే పింగాణీ ఇటుక రంగులో ఉంది. కొత్తవాళ్లు చూస్తే మిక్స్చర్ బ్రహ్మాండం అనుకుంటారు. అది బూస్టర్ సీసా వేసిన రంగు. కొన్ని బూస్టర్లలో మాంగనీసు లేదా ఇనుము కలిసిన రసాయనాలుంటాయి, అవి కాలి ప్లగ్ మీద ఎర్రటి పొడిలా పేరుకుంటాయి. ఆ ప్లగ్‌ని చూసి మిక్స్చర్ గురించి ఏమీ చెప్పలేం. సీసా మీద రాసే ‘3 పాయింట్లు పెరుగుతుంది’ అన్న మాట కూడా జాగ్రత్తగా చదవాలి. ఆ పరిభాషలో 10 పాయింట్లు కలిస్తే ఒక ఆక్టేన్ నంబరు. 91 కాస్తా 91.3 అవుతుంది, అంతే.

ఇంకా నయం, ఆ ఎరుపు మధ్యలో భూతద్దం పెట్టి చూస్తే మెరిసే సన్నటి చుక్కలు కనిపించాయి. అల్యూమినియం. పిస్టన్ పైభాగం నుంచి నాకింగ్ పొడిపొడిగా రాల్చిన లోహం వచ్చి పింగాణీకి అంటుకుంది. టాపెట్ చప్పుడైతే ఇది జరగదు.

ప్లగ్ రకం కూడా తప్పే. పాత ఓనరో, దారిలో ఏ మెకానిక్కో బ్రాండ్ మార్చి, నంబరు దగ్గరదగ్గరగా ఉందని పెట్టేసినట్టున్నారు. ఎన్‌జీకేలో నంబరు పెరిగే కొద్దీ ప్లగ్ చల్లనిది. బాష్‌లో నంబరు పెరిగే కొద్దీ వేడిది. చార్టు చూడకుండా నంబరుకి నంబరు వేస్తే ఇలాగే ఉండాల్సిన దానికంటే వేడి ప్లగ్ వచ్చి కూర్చుంటుంది. దాని కొస ఎర్రగా కాలి ఛాంబర్ వేడిని ఇంకా పెంచుతుంది.

సరైన ప్లగ్ కొత్తది వేసి, ఎక్కుడు మీద ఫుల్ థ్రాటిల్‌లో నడిపి, కిల్ స్విచ్, క్లచ్ ఒకేసారి నొక్కి పక్కకి ఆపి ప్లగ్ తీశాం. సుద్దముక్కలా తెల్లగా ఉంది. అంటే లీన్, పెట్రోలు చాలట్లేదు.

లీన్ ఎందుకయిందో బయటి నుంచే కనిపిస్తోంది. శబ్దం కోసం వేరే సైలెన్సర్ పెట్టారు. ఎయిర్ బాక్సు తీసేసి కోన్ ఫిల్టర్ బిగించారు. గాలి ఎక్కువ పోతోంది, పెట్రోలుని కొలిచి వదిలే జెట్లు మాత్రం కంపెనీవే. దీని మీద ఇథనాల్ ఒకటి. మామూలు పెట్రోలు కిలో కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. 20 శాతం కలిస్తే లెక్క 13.5 దగ్గరికి వస్తుంది. ఇంజెక్షన్ బండిలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటే ఈ తేడాని చూసి పెట్రోలు పెంచుకుంటుంది. కార్బురేటర్‌కి కళ్లు లేవు, జెట్ కన్నంలోంచి ఎంత దిగితే అంతే. కాబట్టి ఈ బండిలో ఇథనాల్ ఒక చేత్తో ఆక్టేన్ పెంచి, ఇంకో చేత్తో మిక్స్చర్‌ని లీన్ చేసింది. రైడర్లు ఇథనాల్ మీద వేసిన నింద సగం నిజమే. అయితే కంపెనీ ఇచ్చిన స్టాకు ఫిల్టర్, స్టాకు సైలెన్సర్ ఉన్న ఇదే మోడల్ బండ్లు అదే పెట్రోలుతో నాక్ లేకుండా నా దగ్గరికి సర్వీసుకి వస్తూనే ఉన్నాయి.

సైలెన్సర్ వదులుకోవడానికి ఓనర్ ఒప్పుకోలేదు. కోన్ ఫిల్టర్ తీయించాను, ఎయిర్ బాక్సు వెనక్కి వచ్చింది. మెయిన్ జెట్ పెద్దది వేశాను. ఇది సీవీ కార్బురేటర్, అంటే లోపలి పిస్టన్ వాల్వుని లేపేది మన చెయ్యి కాదు, ఇంజన్ లాగే గాలి. ఇక్కడ ఒక సంగతి చాలామంది మర్చిపోతారు. యాక్సిలరేటర్ మొత్తం తిప్పినా, ఇంజన్ స్పీడు తక్కువగా ఉంటే లోపలి పిస్టన్ వాల్వు పూర్తిగా పైకి లేవదు. ఐదో గేర్‌లో 50 స్పీడులో చెయ్యి ఫుల్ థ్రాటిల్ అన్నా కార్బురేటర్ మాత్రం సగంలోనే ఉంటుంది. ఆ చోట పెట్రోలు కొలిచేది ఆ వాల్వుకి వేలాడే సూది (నీడిల్), మెయిన్ జెట్ కాదు. అందుకని నీడిల్ కింద ఒక పలచటి వాషర్ వేసి కొద్దిగా పైకి లేపాను. మళ్లీ ప్లగ్ చూస్తే పింగాణీ అడుగున లేత గోధుమ రంగు గీత కనిపించింది.

మళ్లీ అనంతగిరి వెళ్లాం. మామూలు పెట్రోలుతో నాలుగో గేర్ చప్పుడు పోయింది. ఐదులో ఉంది, కానీ ముందంత కాదు. ఇక్కడ ఆపేసి బిల్లు ఇచ్చేయొచ్చు. ఓనర్ కూడా అదే అన్నాడు, 95తో నెట్టుకొస్తానన్నాడు. కానీ శ్రీశైలం ఎక్కుడులోనే ఎందుకు అంత గట్టిగా కొట్టిందన్న దానికి జవాబు ఇంకా రాలేదు.

దిగుడులోనే ఉంది విషయం

కంప్రెషన్ గేజ్ పెడితే ఆరోగ్యంగా ఉన్న ఇదే మోడల్ బండ్లలో వచ్చేదానికంటే ఎక్కువ చూపించింది. పాత బండిలో తక్కువ వస్తే రింగులు అరిగాయంటాం. ఎక్కువ వస్తే సంతోషపడకూడదు, ఛాంబర్‌లో ఏదో చోటు ఆక్రమించిందని అర్థం.

“పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పొగ వస్తుందా?” అని అడిగితే, “ఒక్కసారి నీలంగా వచ్చి ఆగిపోతుందన్నా, చలికి అనుకున్నా” అన్నాడు. మే నెలలో చలి! వాల్వు కాడ చుట్టూ ఆయిల్ దిగకుండా ఆపే స్టెమ్ సీళ్లు గట్టిపడిపోతే రాత్రంతా ఆయిల్ ఆ కాడ కదిలే గైడ్ల వెంట జారి లోపల చేరుతుంది, పొద్దున కాలి నీలం పొగగా బయటికొస్తుంది. లాంగ్ దిగుడులో కూడా ఇదే. థ్రాటిల్ మూసి ఇంజన్ బ్రేకింగ్ మీద దిగుతుంటే ఇన్‌టేక్ వైపు వాక్యూమ్ పెరిగి గైడ్ గుండా ఆయిల్‌ని లోపలికి లాగుతుంది. సుండిపెంట నుంచి డ్యామ్ దాకా అతను చేసింది సరిగ్గా అదే: థ్రాటిల్ మూసి, గేరులో పెట్టి దిగడం. వంతెన దాటగానే ఎక్కుడు. ఛాంబర్‌లో చేరిన ఆయిల్ పెట్రోలుతో కలిసి కాలింది. ఇంజన్ ఆయిల్‌కి నాకింగ్‌ని తట్టుకునే శక్తి చాలా తక్కువ, కొంచెం కలిసినా ఆ మిక్స్చర్ ఆక్టేన్ పడిపోతుంది. బంకులో 100 కొట్టించినా ఛాంబర్‌లో మండేది 100 కాదు.

హెడ్ దించేముందు ప్లగ్ రంధ్రం పైకి వచ్చేలా ఇంజన్‌ని నిలబెట్టి, పిస్టన్‌ని టాప్‌లో ఉంచి, రెండు వాల్వులూ మూసి, సిరంజితో చిక్కటి ఆయిల్ పోసి ఎంత పడుతుందో కొలిచాం. దాదాపు 43 సీసీ పట్టింది. ఇది సుమారు కొలతే, రింగుల పక్క నుంచి కొంచెం దిగుతుంది, గాలి బుడగలు ఉంటాయి. కానీ ఎంత ఉండాలో కాగితం మీద లెక్క వేయొచ్చు. 346 సీసీ సిలిండర్, కంప్రెషన్ 8.5. ఛాంబర్ ఖాళీ 346ని, 8.5లోంచి ఒకటి తీసేసిన 7.5తో భాగిస్తే వస్తుంది: 46 సీసీ. మనకి 3 సీసీ తక్కువ. ఖాళీ 43 అయితే కంప్రెషన్ 9 దాటుతుంది. అంటే ఓనర్‌కి తెలియకుండానే అతని ఇంజన్ హై కంప్రెషన్ ఇంజన్ అయింది, అదీ ఎయిర్ కూల్డ్‌లో, టైమింగ్ మాత్రం పాతదే.

హెడ్ తీశాక ఆ 3 సీసీ కళ్లకి కనిపించింది. పిస్టన్ మీద నల్లటి పొర. ఇన్‌టేక్ వాల్వు వైపు మందంగా, తడిగా ఉంది, గోరుతో గీకితే తారులా వచ్చింది. ఎగ్జాస్ట్ వైపు గట్టిపడి పెచ్చులు లేచింది. ఆ పెచ్చుల అంచులు ఎర్రగా కాలి ప్లగ్‌తో పని లేకుండా గ్యాస్‌ని ముందే అంటించగలవు. నాకింగ్‌లో ఇదో అదనపు తలనొప్పి. ప్లగ్‌కి ఎదురుగా, పిస్టన్ అంచున వేలు పెట్టి రాస్తే గరుకు కాగితంలా తగిలింది. ప్లగ్ మీద మెరిసిన చుక్కలు ఇక్కడివే. రింగులు కూర్చునే గాడులు పగల్లేదు, అదృష్టం. ఇంకో వేసవి ఇలాగే 100 పోసుకుంటూ తిరిగి ఉంటే పిస్టన్ కొనాల్సి వచ్చేది.

పని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. హెడ్, పిస్టన్ పైభాగం డీజిల్‌తో నానబెట్టి వెదురు పుల్లతో గీకాం. స్క్రూడ్రైవర్ పెట్టకూడదు, అల్యూమినియం మీద పడిన గీతల్లోనే మళ్లీ కార్బన్ పట్టుకుంటుంది. రెండు వాల్వులు సీటు మీద సరిగ్గా కూర్చునేలా రుద్ది (లాపింగ్ చేసి), స్టెమ్ సీళ్లు కొత్తవి, గ్యాస్కెట్ కొత్తది వేశాం. గరుకు అంచుని సన్నటి ఎమరీతో నునుపు చేశాం. ఫ్లోట్ బౌల్ ఓ రింగు ఉబ్బిపోయి ఉంది, ఇథనాల్‌ని తట్టుకునేది వేసి, పెట్రోలు పైపు మార్చాం. సిలిండర్ రెక్కల మధ్య ఎండిపోయిన బురద తీస్తే చిన్న దోసెడు వచ్చింది. రెక్కలు మూసుకుపోయిన ఎయిర్ కూల్డ్ ఇంజన్ వేడెక్కడంలో వింత లేదు. అన్నీ బిగించి మళ్లీ ఆయిల్ పోసి కొలిస్తే 46కి దగ్గరగా వచ్చింది.

తర్వాత అనంతగిరి ఎక్కుడు మీద, మామూలు పెట్రోలుతో, ఐదో గేర్‌లో 50 దగ్గర ఫుల్ థ్రాటిల్ ఇచ్చినా నిశ్శబ్దమే. టెస్ట్ ట్యాంకులో 100 పోసి మళ్లీ ఎక్కాం, పికప్‌లో గానీ చప్పుడులో గానీ తేడా ఏమీ తెలియలేదు. అంటే ఇంజన్‌కి అవసరమైనది మామూలు పెట్రోలులోనే ఉందన్నమాట.

ఇంకో రెండు బండ్లు, పోల్చుకోవడానికి

ఇదే రోజుల్లో ఒక లిక్విడ్ కూల్డ్ బండి వచ్చింది. 400 సీసీ లోపే, కంప్రెషన్ 12 పైన, దాని మాన్యువల్లో 95 ఆర్‌ఓఎన్ అని స్పష్టంగా ఉంది. ఓనర్ దాని ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ) రీమ్యాప్ చేయించి టైమింగ్ ఇంకా ముందుకి జరిపించుకున్నాడు. దాని ప్లగ్ బాగుంది, కూలింగ్ బాగుంది, ఛాంబర్‌లో బోర్‌స్కోప్ కెమెరా పెట్టి చూస్తే శుభ్రంగా ఉంది. అయినా ఎండలో ఫుల్ లోడు మీద కొడుతోంది. ఇలాంటి చోట ఆక్టేన్ పెంచడం సరైన మాట. ఆ మ్యాప్ ఉంచుకోవాలంటే 97కో 100కో డబ్బు పెట్టాలి, లేకపోతే స్టాకు మ్యాప్‌కి తిరిగి వచ్చి 95తో వెళ్లాలి. అతను స్టాకు మ్యాప్‌కి వచ్చేశాడు. ఊరి బయట బంకుల్లో 100 దొరకదని తేలాక అతనికి వేరే దారి లేదు.

రెండోది 100 సీసీ కమ్యూటర్. కంప్రెషన్ 10 దగ్గర ఉంటుంది, 350 కంటే ఎక్కువే. అయినా 91తో హాయిగా నడుస్తుంది. దాని ఓనర్ పెద్దాయన, బండి మీద ప్రేమతో ఎప్పుడూ 95 కొట్టిస్తాడు. కంప్రెషన్ నంబరు ఒక్కటే చూసి ఆక్టేన్ తేల్చేవాళ్లకి నేను ఈ కమ్యూటర్, ఆ 350 ఇంజన్లే చూపిస్తాను. చిన్న బోర్‌లో మంట ప్రయాణించాల్సిన దూరం తక్కువ, అంచున ఉన్న గ్యాస్‌కి దానంతటది అంటుకునే తీరిక దొరకదు. 70 మి.మీ. బోర్‌లో, అదీ ఎయిర్ కూల్డ్‌లో, ఆ తీరిక బాగానే దొరుకుతుంది. 150 సీసీ క్లాసులో లిక్విడ్ కూల్డ్ బండ్లు 11 దాటిన కంప్రెషన్‌తో మామూలు పెట్రోలు మీదే పరిగెత్తేది అందుకే. కంపెనీ ఇవన్నీ లెక్కేసి, టైమింగ్ మ్యాప్ రాసి, ఆ తర్వాతే మాన్యువల్లో నంబరు వేస్తుంది. పెద్దాయనకి ఆ లీటరు మీద ఎక్కువ పెట్టే డబ్బుతో ఎయిర్ ఫిల్టరు, ఇంజన్ ఆయిలు టైముకి మార్పించండి సార్ అని చెప్పాను. నవ్వి, 95 కొట్టించడం మానలేదు.

350 ఓనర్‌కి రాసిచ్చినది

రోజువారీకి మామూలు పెట్రోలు. 95 అని రాసి ఉన్నంత మాత్రాన దాంట్లో ఇథనాల్ ఉండదని కాదు, ఆ ఆశతో ప్రీమియం కొనొద్దు. నెలల తరబడి బండి పక్కన పెట్టేటట్టయితే కార్బురేటర్ బౌల్ ఖాళీ చేసి పెట్టాలి. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, బౌల్ అడుగున తెల్లటి పొడి చేరి జెట్లు మూసుకుంటాయి. బూస్టర్ సీసాలు వద్దు.

వచ్చే ఏడాది లడఖ్ వెళ్లాలని అతని ప్లాను. అక్కడికి బూస్టర్ తీసుకెళ్లాలా అని అడిగాడు. అక్కడ ఇంకా అక్కర్లేదు. లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి మనకంటే బాగా పలచన. సిలిండర్‌లో నిండే గ్యాసే తక్కువైనప్పుడు ఒత్తిడి తక్కువ, నాకింగ్ భయం తక్కువ. అమెరికాలో కొలరాడో లాంటి ఎత్తైన చోట్ల వాళ్ల లెక్కలో 85 కూడా అమ్మేది ఈ కారణం మీదే. అక్కడ ఇతని కార్బురేటర్‌కి ఎదురయ్యే ఇబ్బంది రిచ్ అవడం, అంటే గాలికి మించి పెట్రోలు పడటం, దానికి చిన్న మెయిన్ జెట్ ఒకటి టూల్ కిట్‌లో పెట్టిచ్చాను.

తర్వాతి వేసవిలో అతను మళ్లీ శ్రీశైలం వెళ్లి వచ్చాడు. అదే ఎక్కుడు, అదే లోడు, మామూలు పెట్రోలు. ఐదో గేర్‌లో 40 కిందికి పడిపోయినప్పుడు ఒక్కచోట సన్నగా వినిపించిందట, నాలుగుకి దించగానే పోయిందట. ఆ స్పీడులో ఐదో గేరు ఉంచితే ఏ 350 అయినా మూలుగుతుంది, నాలుగులోనే ఎక్కమన్నాను. పొద్దున నీలం పొగ లేదు. ఇన్‌టేక్ గైడ్‌లో కొంచెం లూజు ఉందని హెడ్ విప్పినప్పుడే చూపించాను, అప్పుడు ఖర్చు ఎక్కువవుతుందని వాయిదా వేశాడు. కొత్త సీలు ఉన్నంతకాలం ఫర్వాలేదు. మళ్లీ పొగ కనిపిస్తే ఈసారి గైడ్లు కూడా మార్చాలని జాబ్ కార్డులో రాసి పెట్టాను.